నొప్పి ఎక్కడో వేలు పెట్టి చూపిస్తాను

మన భాషలో గుండెకి వున్నన్ని పనులు మరే అవయవానికీ లేవు. అది బరువెక్కుతుంది, చెరువవుతుంది, కోతపడుతుంది, దిటవుగా వుంటుంది, జారిపోతుంది. ఇంట్లో పెళ్ళికాని ఆడపిల్ల వుంటే గుండెల మీద కుంపటి అవుతుంది. ఇన్ని మాటలున్న భాషలో, ఎదురొమ్ము ఎముకకి ఎడమపక్క, వేలికొన పట్టేంత జాగాలో నాకు నొప్పి పుడితే దాన్ని చెప్పుకోవటానికి ఐదు నెలలపాటు ఒక్క మాట దొరకలేదు. ఆ ఐదు నెలల్లో ఇతరులు దానికి పెట్టిన పేర్లు మాత్రం బోలెడు. గ్యాస్ అన్నారు, టెన్షన్ అన్నారు, ‘ఆ వయసులో అంతే’ అన్నారు. ‘మీరు రచయిత్రులు కదండీ, ఎక్కువ ఆలోచిస్తారు’ అని కూడా అన్నారు. నా తగాదా ఈ పేర్లతోనే. అందులో కొంత వైద్యులతో, కొంత మన ఇళ్ళతో, కొంత మనతో కూడా.

జరిగింది చెప్తాను. నాకప్పుడు నలభై నాలుగేళ్ళు. ఒక రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది. ఎడమవైపు ఛాతీలో మేకు దిగ్గొట్టినట్టుగా వుంది. గట్టిగా ఊపిరి పీలిస్తే పొడుస్తోంది. పక్కకి ఒత్తిగిలితే పొడుస్తోంది. తమ్ముడు ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. ఈసీజీ తీశారు, రక్తపరీక్ష చేశారు, మర్నాడు ఎకో చేశారు. గుండె బాగుందన్నారు. అంతవరకూ వాళ్ళ తప్పేమీ లేదు. ఛాతీలో నొప్పి అన్న మనిషికి ముందు గుండెనే చూడాలి. తప్పు ఆ తర్వాత మొదలైంది. గుండె కాదని తేలిన క్షణం నుంచి నా నొప్పి ఎవరికీ పట్టకుండా పోయింది. డాక్టరు నావైపు కాకుండా తమ్ముడివైపు తిరిగి ‘మేడమ్‌కి ఇంట్లో ఏమైనా టెన్షన్సా?’ అని అడిగాడు. నేను అక్కడే మంచం మీద, పూర్తి స్పృహలో కూర్చుని వున్నాను. ఇరవయ్యేళ్ళుగా పాఠాలు చెబుతున్న నోరు నాది. ఆ ప్రశ్న నన్నే అడగవచ్చని ఆయనకి తోచలేదు. తమ్ముడు పాపం, ఏం చెప్పాలో తెలియక నావైపు చూశాడు. గ్యాస్‌కి ఒక మాత్ర, నిద్రకి ఒక మాత్ర రాసి పంపేశారు.

ఆ తర్వాత మరో ఇద్దరు డాక్టర్లు. ఇంకో రెండు ఈసీజీలు. ఫైలు లావెక్కింది, నొప్పి అలాగే వుంది. బట్టలు పిండితే వస్తుంది, బోర్డు మీద రాస్తే వస్తుంది, తుమ్మితే ప్రాణం పోతుంది. చివరికి రిటైరైన ఒక డాక్టరమ్మ దగ్గరికి మా పక్కింటావిడ తీసుకెళ్ళింది. ఆవిడ ఫైలు తెరవలేదు. ‘ఎక్కడో చూపించమ్మా, చెయ్యంతా పెట్టి కాదు, ఒక్క వేలు పెట్టి’ అంది. చూపించాను. ‘పైట కొంచెం తప్పించు, నొక్కి చూస్తాను, ఫరవాలేదా?’ అని అడిగింది. ఎదురొమ్ము ఎముక అంచు వెంబడి పైనుంచి కిందికి ఒక్కొక్క కీలూ నొక్కుకుంటూ వచ్చింది. రెండోది ఏమీ లేదు. మూడోది నొక్కేసరికి కెవ్వుమన్నాను. ‘రాత్రిళ్ళు వచ్చేది ఈ నొప్పేనా?’ అంది. ‘అదేనండీ, అదే’ అన్నాను. ఏడుపొచ్చింది. నొప్పికి వచ్చిన ఏడుపు కాదది. నొప్పి వుందని ఇంకొక మనిషి వేలికి తెలిసినందుకు వచ్చింది.

ఆవిడ చీటీ వెనక బొమ్మ గీసి చెప్పింది. మనకి పన్నెండు జతల పక్కటెముకలు. అవన్నీ వెనక వెన్నెముకకి అతుక్కుని వుంటాయి. ముందువైపు పై ఏడు జతలు ఒక్కొక్కటీ మెత్తని మృదులాస్థి ముక్కతో నేరుగా ఎదురొమ్ము ఎముకకి కలుస్తాయి. తర్వాతి మూడు జతలు పైదాని మృదులాస్థికి కలుస్తాయి. ఆఖరి రెండు జతలూ ముందు ఎక్కడా అతకవు. ఎముకా మృదులాస్థీ కలిసేచోట, మృదులాస్థీ ఎదురొమ్మూ కలిసేచోట మంటపుట్టి నొప్పి చేస్తే అది కాస్టోకాండ్రైటిస్. ఎక్కువగా రెండు నుంచి ఐదు వరకూ వున్న పక్కటెముకల దగ్గర, చాలాసార్లు ఒకటి కంటే ఎక్కువ కీళ్ళలో, ఒక పక్కనే వస్తుంది. పైకి వాపు కనబడదు. వాపు కూడా వుంటే అది వేరే జబ్బు. 1921లో అలెగ్జాండర్ టీట్సె అనే జర్మన్ సర్జన్ వర్ణించాడు కాబట్టి దానికి ఆయన పేరే వుంది. నాకొచ్చినదానికి చాలామందిలో ఫలానా కారణమని తేలదు. విడవని దగ్గు, అలవాటులేని బరువు, ఒకే పనిని చేతులతో పదేపదే చెయ్యటం, ఛాతీకి దెబ్బ తగలటం – వీటి తర్వాత రావటం మామూలు. కొందరిలో ఇతర కీళ్ళవాతాలకి తోకగా వస్తుంది.

కాలు బెణికితే కాలు కదపకుండా కూర్చోవచ్చు. ఈ కీళ్ళకి ఆ వీలు లేదు. మన పెద్దలు రోజుకి 21,600 శ్వాసలని లెక్క చెప్పారు. నిమిషానికి పదిహేను చొప్పున వేసుకుంటే సరిగ్గా అంతే అవుతుంది. అన్నిసార్లూ ఆ కీళ్ళు కదలాలి. అందుకే ఇది వారాలూ నెలలూ సాగుతుంది. అరుదైన జబ్బేమీ కాదు. 1994లో అచ్చయిన ఒక అమెరికన్ అధ్యయనంలో, ఛాతీ నొప్పితో అత్యవసర విభాగానికి వచ్చిన 122 మందిని వరసగా పరీక్షిస్తే వాళ్ళలో 30 శాతం మందికి ఇదే. ఆ 30 శాతంలో మూడింట రెండొంతులకు పైగా స్త్రీలు. ఇంత మామూలు జబ్బు, ఒక వేలు తప్ప ఏ యంత్రమూ అక్కర్లేకుండా పట్టుబడే జబ్బు, నా విషయంలో ఐదు నెలలు ఎందుకు పట్టుబడలేదు?

ముందు మాటల సంగతి చూద్దాం. ‘కాండ్రోస్’ అంటే గ్రీకులో మృదులాస్థి. కాస్టోకాండ్రైటిస్‌లో వున్నది ఆ మాటే. లేని జబ్బు వుందనుకునే మనిషికి వైద్యం పెట్టిన పేరు హైపోకాండ్రియా. అందులో వున్నదీ ఆ మాటే! ‘హైపో’ అంటే కింద. పక్కటెముకల మృదులాస్థికి దిగువన వున్న భాగమని దాని అసలు అర్థం. దిగులూ వ్యాకులతా అక్కడి అవయవాల్లోనే పుడతాయని పాత వైద్యులు నమ్మారు. క్రమంగా ఆ చోటి పేరు కాస్తా భ్రమకి పేరైపోయింది. హిస్టీరియా కథ మనకి తెలిసిందే, అది గర్భసంచి పేరు. అమెరికన్ మానసిక వైద్యుల జాబితా 1980లో హిస్టీరియాని వదిలించుకుంది, 2013లో హైపోకాండ్రియాసిస్‌ని కూడా తీసేసింది. పుస్తకంలోంచి పోయింది గానీ డాక్టరు గదిలోంచి పోలేదు. మన దగ్గర దాని పేరు ‘టెన్షన్’. నాకు నిజంగానే మృదులాస్థిలో జబ్బు వుంటే, మృదులాస్థి పేరుతో పుట్టిన అపవాదే నామీద వేశారు.

టెన్షన్ అనేదే లేదని నేను అనను. ఆందోళన నొప్పిని పెంచుతుంది, నిద్ర లేకపోతే ఇంకా పెంచుతుంది. రాత్రి రెండింటికి గుండె దగ్గర పొడిస్తే ఆందోళన పడని మనిషెవరు? అయితే నొప్పి వల్ల వచ్చిన భయాన్ని నొప్పికి కారణంగా రాసుకోవటం ఎలాంటి వైద్యం? ఒకవేళ టెన్షనే అనుకుందాం. అప్పుడైనా అది వైద్యం చెయ్యవలసిన బాధే కదా! మన డాక్టర్లు ఆ మాట అనేది సంభాషణ మొదలుపెట్టటానికి కాదు, ముగించటానికి.

రెండోది స్పర్శ సంగతి. నన్ను చూసిన మొదటి ముగ్గురిలో ఒక్కరు కూడా నా ఛాతీని వేలితో నొక్కి చూడలేదు. స్టెతస్కోపు పైట మీద ఆనించారు, పైట మీంచే తీసేశారు. జయప్రభ పైటను తగలెయ్యాలన్నప్పుడు ఎంత రభస జరిగిందో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కర్లేదు. 1993లో ‘నీలిమేఘాలు’ వచ్చిన నాటికే, శరీరం గురించి రాసిన మనవాళ్ళకి నీలి కవయిత్రులనే పేరు పడి వుంది. ఆ మాటలన్నవాళ్ళు అది సాహిత్య చర్చే అనుకున్నారు. ఇవాళ నేను అంటున్నాను, అది వైద్య చర్చ కూడా. రొమ్ము అనే మాట బూతైన సమాజంలో, దాని వెనకున్న ఎముకలో నొప్పి వస్తే స్త్రీ ఏమని చెప్పాలి? ‘ఇక్కడండీ’ అని చెయ్యి గాలిలో తిప్పుతుంది. డాక్టరు గాలినే చూసి మందు రాస్తాడు. సినిమా పోస్టర్ల మీద, బస్సుల్లో, కాలేజీ వరండాల్లో స్త్రీ ఛాతీని అందరూ చూస్తూనే వుంటారు. పరీక్షించవలసిన ఒక్క గదిలో మాత్రం చూపు తిప్పుకుంటారు. దీన్ని మర్యాద అందామా?

ఈ మాట ఒక యువ డాక్టరుతో అంటే, ‘మేడమ్, మగ డాక్టరు ముట్టుకుంటే రేపు గొడవవుతుంది, మా భయాలు మాకుంటాయి’ అన్నాడు. గొడవలకి కారణమైనవాళ్ళు ఆ వృత్తిలో వున్నారు కాబట్టి ఆ భయం నాకర్థమవుతుంది. అయితే దానికి మందు ముట్టుకోకపోవటం కాదు. ఎందుకు నొక్కుతున్నారో ముందే చెప్పాలి, అనుమతి అడగాలి, నర్సునో వెంట వచ్చిన ఆడమనిషినో గదిలో వుంచాలి. అదీ కుదరకపోతే ‘ఈ ఎముక అంచు వెంబడి మీరే నొక్కి చూడండమ్మా, ఎక్కడ నొప్పో చెప్పండి’ అనవచ్చు. దీనికి రెండు నిమిషాలు చాలు. మూడు ఈసీజీలకి అయిన ఖర్చులో దీని వంతు సున్నా.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకపోతే ఈ వ్యాసం ప్రాణాల మీదికి తెస్తుంది. నొక్కితే నొప్పి పుట్టినంత మాత్రాన గుండె జబ్బు లేదని కాదు. ఛాతీ నొప్పితో వచ్చి, నొక్కితే కూడా నొప్పి వున్న పెద్దవాళ్ళలో నూటికి ముగ్గురు నుంచి ఆరుగురికి గుండె రక్తనాళాల జబ్బు వుంటుంది. కాబట్టి ముప్పై అయిదు దాటినవాళ్ళూ, బీపీ, షుగరు, పొగాకు అలవాటు, కుటుంబంలో గుండె జబ్బు వున్నవాళ్ళూ ముందు ఈసీజీ తీయించుకోవలసిందే. నా మాట వైద్యం గుండెని వదిలెయ్యాలని కాదు. స్త్రీ గుండెనైనా, పక్కటెముకనైనా వైద్యం నమ్మాలని. ఎందుకంటే ఆ రెండింటినీ అది నమ్మలేదు. గుండెపోటుని ఆస్పిరిన్ ఆపుతుందా అని తేల్చిన అమెరికా వైద్యుల అధ్యయనంలో పాల్గొన్న 22,071 మందీ మగవాళ్ళే. గుండె జబ్బుతో వచ్చిన స్త్రీ, తన జబ్బు అచ్చం మగవాడి జబ్బులా వుందని రుజువు చేసుకుంటే తప్ప ఆమెకి సరైన చికిత్స అందటం లేదని బెర్నడిన్ హీలీ అనే గుండె వైద్యురాలు 1991లో రాసింది. చదువుకోసం మగవేషం వేసిన యెంట్ల్ అనే కథానాయిక పేరు దానికి పెట్టింది. స్త్రీల లక్షణాలని ‘అసాధారణం’ అనే అలవాటుకి స్వస్తి చెప్పమని అమెరికా హృద్రోగ సంఘాలు మార్గదర్శకాలలో రాయటానికి 2021 దాకా పట్టింది. మగవాడి నొప్పి సాధారణం, ఆడదాని నొప్పి అసాధారణం. జనాభాలో సగంమంది అసాధారణం ఎలా అవుతారు?

అంటే ఒకే గదిలో రెండు అన్యాయాలు జరుగుతున్నాయి. గుండెపోటుతో వచ్చిన స్త్రీని గ్యాస్ అని ఇంటికి పంపుతారు. గుండెపోటు కాని నొప్పితో వచ్చిన స్త్రీని ఏమీ లేదని ఇంటికి పంపుతారు. ‘గుండె జబ్బు లేదు’ అనటానికీ ‘ఏమీ లేదు’ అనటానికీ మధ్య ఎంతో దూరం వుంది. ఆ దూరంలోనే నేను ఐదు నెలలు బతికాను.

ఇక మన సంగతి. నా నొప్పి గురించి ఒక సభ తర్వాత మిత్రుల దగ్గర చెప్పుకుంటే ఒకావిడ ‘ఎంత బాగుంది, దీని మీద కవిత రాయవే’ అంది. ప్రేమగానే అంది. మనం కొన్ని దశాబ్దాలుగా స్త్రీ గుండెనొప్పిని ప్రతీకగా రాశాం, ప్రతీకగా చదివాం. కథలో ఒక ఇల్లాలు ఛాతీ పట్టుకుని కూలబడితే అది అణచివేత అని విమర్శలో రాస్తాం. ఆమెకి ఈసీజీ తీశారా అని ఎవరమూ అడగం. నేనూ అలా రాసినదాన్నే. ‘అది మీ మనసులోని బాధ’ అని డాక్టరు అన్నప్పుడు మనకి కోపం వస్తుంది. అదే మాట సాహిత్య విమర్శకురాలు అంటే మెచ్చుకుంటాం. స్త్రీ శరీరాన్ని మనసుకి అనువాదంగా చదవటం ఇద్దరి చేతిలోనూ ఒకటే.

ఇంకో మిత్రురాలు వేరే వైపునుంచి వచ్చింది. ‘ప్రతి నొప్పికీ ఒక జబ్బు పేరు పెట్టించుకుని మళ్ళీ వైద్యం చేతుల్లో పడటం ఎందుకు? గర్భసంచుల సంగతి మర్చిపోయావా?’ అంది. మర్చిపోలేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీసేసినవాళ్ళు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, తెలంగాణలో దాదాపు 8 శాతం. ఆమె భయం న్యాయమైనదే. కానీ అనవసరంగా కొయ్యటానికీ, అవసరమైనా ముట్టుకోకపోవటానికీ మూలం ఒకటేనని నా వాదన. రెండుచోట్లా ఆమె చెప్పింది వినలేదు. కోసి తియ్యగలిగిన నొప్పికి విలువ వుంది, బొమ్మ గీసి వివరించవలసిన నొప్పికి లేదు. దీనికి జవాబు వైద్యానికి దూరం జరగటం కాదు, వైద్యజ్ఞానాన్ని మన భాషలోకి లాక్కోవటం. 1991లో ‘సవాలక్ష సందేహాలు’ చేసిన పని అదే. ఆ పని అక్కడితో అయిపోలేదు. పేరు తెలియటం నన్ను వైద్యానికి అప్పజెప్పలేదు. నాలుగో ఈసీజీ నుంచీ, నిద్రమాత్రల నుంచీ తప్పించింది.

పేరు తెలిశాక ఏం చెయ్యాలి? డాక్టరమ్మ చెప్పినవి, నేను చేసినవి రాస్తాను. రోజుకి రెండు మూడుసార్లు పదిహేను నిమిషాలు వేడినీళ్ళ సంచితో కాపడం. కొందరికి ఐసు సుఖంగా వుంటుంది, గుడ్డలో చుట్టి పెట్టుకోవాలి. కొన్నాళ్ళు ఐబుప్రొఫెన్‌లాంటి మంట తగ్గించే మాత్ర, అన్నం తిన్నాక మాత్రమే, డాక్టరు చెప్పినన్ని రోజులే. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, గుండె జబ్బు, బీపీ, ఉబ్బసం వున్నవాళ్ళు, గర్భిణులు తమంతట తాము వేసుకోకూడదు. పైపూత జెల్ కొందరికి పనికొస్తుంది. నొప్పి కాస్త నెమ్మదించాక గుమ్మానికి రెండు వైపులా ముంజేతులు ఆనించి, మెల్లగా ముందుకి వాలి ఛాతీని సాగదియ్యటం. కంప్యూటరు ముందు, పేపర్లు దిద్దే బల్ల ముందు వంగిపోకుండా కూర్చోవటం. దగ్గు వుంటే దానికి ముందు మందు తీసుకోవటం. వుందా పోయిందా అని పూటపూటా నొక్కి చూసుకోకపోవటం. మొండికేస్తే ఆ కీలు దగ్గర ఇంజెక్షన్ ఇస్తారు, ఆ అవసరం అరుదు. చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా, నొప్పి దవడకో చేతికో వీపుకో పాకినా, నడిస్తే పెరిగి ఆగితే తగ్గినా, కళ్ళు తిరిగినా మాత్రం ఈ పాఠమంతా పక్కనపెట్టి 108కి ఫోన్ చెయ్యాలి. జ్వరం, వాపు, దగ్గితే రక్తం వుంటే కూడా ఇది వేరే సంగతి.

ఈ జాబితాలో కష్టమైన మందు ఏదంటే, బరువులెత్తకపోవటం, చేతులకి విశ్రాంతి ఇవ్వటం. చీటీలో అది ఒక్క మాటే. తడిబట్టలు పిండొద్దు, నీళ్ళ బిందె ఎత్తొద్దు, ఇరవై కిలోల నీళ్ళ డబ్బా తిప్పొద్దు, ఇల్లు తుడవొద్దు, పిండి కలపొద్దు. మరి ఎవరు చేస్తారు? 2024 కాలవినియోగ సర్వేలో, ఇంటిపని చేసేవాళ్ళలో స్త్రీలు రోజుకి 289 నిమిషాలు జీతంలేని పని చేస్తే మగవాళ్ళు చేసేది 88 నిమిషాలు. నాకైతే పనిమనిషిని పెట్టుకునే జీతం వుంది. మా ఇంట్లో బట్టలు పిండటానికి వచ్చిన నరసమ్మకీ – ఇది ఆమె అసలు పేరు కాదు – అదేచోట నొప్పి వుందని నాకు మూడు వారాల తర్వాత తెలిసింది. నా నొప్పిని ఆమె చేతులకి బదిలీ చేసి నేను కోలుకుంటున్నాను! ఆమెని అడిగితే ‘పట్టేసిందమ్మా, పోతుందిలే’ అంది. అసలు ఆస్పత్రి దాకా వెళ్ళి అవమానపడే అవకాశం కూడా ఆమెకి రాలేదు. నిజామాబాదు, కరీంనగర్ వైపు రోజంతా ముందుకి వంగి బీడీలు చుట్టే ఆడవాళ్ళని ‘నీకు ఎక్కడ నొప్పి?’ అని వేలు పెట్టి అడిగేవాళ్ళు ఎవరు? మధ్యతరగతి రచయిత్రి నొప్పికి ఒక వ్యాసమైనా దక్కింది. ఆమెని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. వాషింగ్ మెషీన్ కొన్నాం, జీతం తగ్గించలేదు. ఇది పరిష్కారం కాదని నాకు తెలుసు. కానీ విశ్రాంతి అనే మందు ఎవరి చీటీలో రాసినా, దాన్ని ఇంటి మగవాళ్ళ పేరున కూడా రాయాలి. మా ఇంట్లో ఇప్పుడు గ్యాస్ సిలిండరు దొర్లించేదీ, నీళ్ళు పట్టేదీ, తుడిచేదీ ఎవరో ఆ చీటీ చూపించే తేల్చుకున్నాం. తగువు లేకుండా తేలలేదు.

నా నొప్పి చాలావరకు తగ్గింది. అప్పుడప్పుడు, ఎక్కువ దిద్దిన రోజునో, జలుబు చేసినప్పుడో పలకరిస్తుంది. ఇప్పుడు భయం వెయ్యదు. ఏ కీలో తెలుసు, ఎందుకో తెలుసు, ఎప్పుడు భయపడాలో కూడా తెలుసు.

వైద్యులని నేను కోరేది పెద్దదేమీ కాదు. నన్నే అడగండి, పక్కనున్న మగవాణ్ణి కాదు. చెప్పి ముట్టుకోండి. గుండె కాకపోతే ఏమిటో చెప్పండి, తెలియకపోతే తెలియదనండి. మిమ్మల్ని కోరేదీ చిన్నదే. మీ పక్కన ఏ స్త్రీ అయినా ఛాతీలో నొప్పి అంటే కవిత రాయమనకండి, సర్దుకోమనకండి, ధ్యానం చెయ్యమనకండి. ‘ఒక్క వేలు పెట్టి చూపించు’ అనండి. తర్వాత ఆమె వెంట ఆస్పత్రికి వెళ్ళండి. డాక్టరు మీవైపు తిరిగి ఆమె గురించి అడిగితే, జవాబు చెప్పకండి. ఆమెవైపు చూపించండి.